కొల్లేటి నీళ్ళు, సోనార్ యంత్రం, మన వాళ్ళ చేతులు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా విజయవాడలో జరిగిన యువజన సభలో ఒక గిరిజన సంక్షేమ హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

మాకు ఇచ్చిన అంశం "సాంకేతిక పరిజ్ఞానం, గిరిజన యువత". ఇలాంటి అంశం ఇస్తే మామూలుగా సెల్ ఫోన్ మంచిచెడ్డలు చెప్పి దిగిపోతారు. ఆ మాటలు మేము హాస్టల్లో రోజూ చెబుతూనే ఉంటాం, మీరు వింటూనే ఉంటారు, ఫోను దిండు కింద ఉంటూనే ఉంటుంది. అందుకని ఇవాళ ఒకే ఒక్క యంత్రం గురించి చెబుదామనుకున్నాం. దాని పేరు సోనార్. నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన శబ్దాన్ని బట్టి లోపల ఏముందో చెప్పే యంత్రం. మన కొల్లేటిలో, మన కాలవల్లో ఎక్కడి నుంచో వచ్చి తిష్ఠ వేసిన చేపల్ని, మొక్కల్ని కనిపెట్టి ఉండడానికి అది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఆ చేతులెత్తేసిన చోట మన వాళ్ళ పనేమిటి, ఇదే విషయం.

మేము వార్డెన్లం కాకముందు బి.ఇడి. చదివి సైన్సు చెప్పినవాళ్ళం. కాబట్టి కాస్త పాఠంలా ఉంటే ఓపిక పట్టండి.

ముందు కొల్లేరు సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు ఆ నీళ్ళని సముద్రానికి చేరుస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువుల గొడవ ఇప్పటికీ తేలలేదు, దాని జోలికి ఇవాళ వెళ్ళం.

విజయవాడ పిల్లలకి కొల్లేరు ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించే వాళ్ళు 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్‌లో మొదటి అంతస్తు దాకా నీళ్ళు చూసే ఉంటారు. గండ్లు పడి పొంగింది బుడమేరే. ఆ బుడమేరు చివరికి పోయి కలిసేది కొల్లేట్లోనే. అంటే మన ఊళ్ళో కాలవలో పడేసింది ఏదైనా కొల్లేటికి పోతుంది. ప్లాస్టిక్ కవరు పోతుంది, గుర్రపు డెక్క పోతుంది. ఇంట్లో గాజు తొట్టెలో పెంచుకున్న చేపని "పాపం, పెద్దదైపోయింది" అని జాలిపడి కాలవలో వదిలితే అదీ పోతుంది.

ఆ జాలి చేపే దెయ్యం చేప. పేపర్లో డెవిల్ ఫిష్ అని రాస్తారు, సక్కర్ చేప అని కూడా అంటారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్వేరియం అద్దానికి పట్టిన పాచి తింటుందని కొంటారు. చిన్నప్పుడు వేలెడంత ఉంటుంది, పెరిగితే మూరెడు. ఒళ్ళంతా ఎముక పలకల కవచం, రెక్కల్లో గట్టి ముళ్ళు. వలలో పడితే ముళ్ళు విప్పుకుని బిగుసుకుంటుంది. దాన్ని తీయాలంటే వల కోసుకోవాలి, చేతులు చీరుకోవాలి. తినేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా చావదు, పైకొచ్చి గాలి మింగి కడుపుతోనే ఊపిరి తీస్తుంది. గట్టు మీద పడేసినా గంటల తరబడి బతికే ఉంటుంది. మనల్ని అన్నిటికంటే భయపెట్టాల్సిన అలవాటు ఇంకొకటుంది. గుడ్లు పెట్టడానికి కాలవ గట్లలో, నీటి మట్టానికి కింద, బొరియలు తవ్వుతుంది. మగ చేప ఆ బొరియలో కాపలా ఉంటుంది. ఒక బొరియ పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి. నీళ్ళు తగ్గినప్పుడు చూస్తే గట్టు జల్లెడలా ఉంటుంది. బుడమేరు గండ్లకి ఈ చేపే కారణమని మేము అనడం లేదు. బొరియలు పడ్డ మట్టి గట్టు వరదకి ఎంతసేపు ఆగుతుందో మీరే ఆలోచించండి.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ చేప కోసం తూర్పు కనుమల నీటి వనరుల్లో గాలించారు. చేపని పట్టకుండా, నీటిలో కలిసిన దాని డీఎన్ఏ జాడని పట్టే పద్ధతి అది. నీళ్ళు వడగట్టి, ఆ వడపోత కాగితాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. సుమారు 60 శాతం చోట్ల ఇది ఉందని 2023లో తేల్చారు. ఈ లెక్క విన్నప్పుడు మా హాస్టల్ పిల్లల్లో ఒకడు, యానాది పిల్లవాడు, "మా నాన్నని అడిగితే చెప్పేవాడు కదండీ" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆ మాట అక్కడితో వదిలేసేది కాదు. మళ్ళీ వస్తాం.

ఇక సోనార్ దగ్గరికి. కొండ ఎదురుగా నిలబడి అరిస్తే ప్రతిధ్వని వస్తుంది. అరుపుకీ ప్రతిధ్వనికీ మధ్య ఎంతసేపు పట్టిందో తెలిస్తే కొండ ఎంత దూరమో లెక్క కట్టొచ్చు. గబ్బిలం రాత్రిపూట చేసే పని ఇదే. 1912లో టైటానిక్ మునిగాక, ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం మనుషులు ఈ విద్యని నీళ్ళలోకి దించారు. మంచినీటిలో శబ్దం సెకనుకి దాదాపు 1480 మీటర్లు పోతుంది. అదే గాలిలో 340 దగ్గర. రెండు మీటర్ల లోతున్న చోట పడవ నుంచి శబ్దం పంపితే, అడుగుకి తగిలి తిరిగి రావడానికి మొత్తం నాలుగు మీటర్ల ప్రయాణం. అంటే మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. యంత్రం ఆ సమయాన్ని కొలిచి, సగం చేసి, తెర మీద లోతు చూపిస్తుంది. పదో తరగతి లెక్కే.

చేపని ఎలా చూస్తుంది? ఇక్కడే అసలు తమాషా. చేప ఒళ్ళు చాలావరకు నీళ్ళలాంటిదే, శబ్దం దాన్ని పెద్దగా పట్టించుకోదు. చేప కడుపులో గాలి తిత్తి ఉంటుంది చూశారా, చేపలు శుభ్రం చేసినప్పుడు తెల్లగా బుడగలా వస్తుంది, పిల్లలు కాలితో తొక్కి టప్‌మని పేలుస్తారు, అది శబ్దాన్ని గట్టిగా వెనక్కి కొడుతుంది. తెర మీద కనపడే చేప దాదాపుగా ఆ తిత్తే. నీటి మొక్కల ఆకుల్లో, కాడల్లో కూడా గాలి ఉంటుంది కాబట్టి నీళ్ళ అడుగున పెరిగే నాచు, కలుపు కూడా కనపడతాయి. అమెరికాలో సరస్సుల అడుగున పెరిగిన పరాయి కలుపు ఎంత మేర ఉందో ఇలాగే పటం గీస్తారు. మన కొల్లేటి నీళ్ళు బురదగా ఉంటాయి, కెమెరా దించితే టీ గ్లాసులో ముంచినట్టే ఉంటుంది. అలాంటి చోట శబ్దమే దిక్కు.

మరి దెయ్యం చేప మాటేమిటి? పిల్లలూ, ఇది బాగా వినండి. ఆ చేప అడుగున బురదకి అంటుకుని పడుకుంటుంది. నేల నుంచి వచ్చే ప్రతిధ్వనిలో దాని ప్రతిధ్వని కలిసిపోతుంది. పైగా దాని గాలి తిత్తి చాలా చిన్నది, ఎముక డొప్పలో దాక్కుని ఉంటుంది. అంటే మనం దేన్ని చూడాలని యంత్రం దించామో, యంత్రానికి సరిగ్గా కనపడకుండా తప్పించుకునేది అదే.

కొల్లేటితో ఇంకో చిక్కు ఉంది. లోతు తక్కువ. చాలా చోట్ల మనిషి నడుము లోతు, మీటరు, మీటరున్నర. సోనార్ శబ్దం టార్చిలైటు వెలుగులా పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. 20 డిగ్రీల కోణంతో పంపామనుకోండి, పది మీటర్ల లోతున అది మూడున్నర మీటర్ల వెడల్పు నేలని చూస్తుంది. ఒక్క మీటరు లోతున చూసేది 35 సెంటీమీటర్లే. మన అన్నం కంచం అంత. అన్నం కంచం అంత మేర చూసుకుంటూ 308 చదరపు కిలోమీటర్లు ఎప్పటికి చూస్తాం? తిలాపియా ఉంది, మన వైపు చైనా గొరక అంటారు, అదీ 1952లో మన దేశానికి తెచ్చిన పరాయి చేపే. దానికి గాలి తిత్తి బాగానే ఉంటుంది, తెర మీద కనపడుతుంది. కానీ చుక్కని చూసి అది చైనా గొరకో మన గొరకో యంత్రం చెప్పలేదు. కొర్రమీనో, మార్పో, ఇంగిలాయో చెప్పలేదు. చుక్క చుక్కే.

అయితే సోనార్ దండగా అంటే కాదు. దాన్ని దేనికి వాడాలో తెలియాలి. పడవకి కిందికి కాకుండా పక్కలకి శబ్దం పంపే రకం ఒకటుంది, సైడ్ స్కాన్ సోనార్ అంటారు. అది రెండు వైపులా నేలని బొమ్మలా గీసుకుంటూ పోతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగిపోయింది, మీకు గుర్తుండే ఉంటుంది. అది మన ఆదివాసీ ఊళ్ళ మధ్య, పాపికొండల దారి. ఆ సుడుల్లో పడవ ఎక్కడుందో వెతకడానికి ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన బృందం సైడ్ స్కాన్ సోనార్ వాడింది. మరి పైకి తీసిందెవరు? కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం. లంగర్లు, ఇనప తాళ్ళు, నీటి వాటం తెలిసిన మనుషులు. అక్టోబరు 22న తీశారు. ఎక్కడుందో యంత్రం చెప్పగలదు. దాన్ని ఎటు లాగాలో, ఏ పూట లాగాలో నదితో బతికిన వాళ్ళకి తెలుస్తుంది.

ఆ సైడ్ స్కాన్ బొమ్మలో చైనా గొరకలు గుడ్ల కోసం నేల మీద గుండ్రంగా తవ్వుకునే గుంటల్ని పట్టొచ్చు. గట్టు పక్కన తగినంత నీళ్ళుంటే గట్టులో బొరియల నోళ్ళు నల్ల మచ్చల్లా పడే వీలుంది. చేప కనపడకపోయినా చేప చేసిన పని కనపడుతుంది.

రెండోది గుర్రపు డెక్క. ఇదీ దక్షిణ అమెరికా సరుకే. ఊదారంగు పువ్వు బాగుంటుందని ఒకప్పుడు తెచ్చుకున్నారు. (మా హాస్టల్ ఆడపిల్లలు ఇప్పటికీ ఆ పువ్వు కోసం మొక్కని బకెట్లో వేసుకొస్తారు. దయచేసి మానండి, ఎండాకాలంలో ఒక్క మొక్క రెండు వారాలకి రెండవుతుంది.) పైన తేలే డెక్కని చూడడానికి సోనార్ అక్కర్లేదు, ఉపగ్రహం చాలు. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి పది మీటర్ల గడి చొప్పున బొమ్మ తీసి ఉచితంగా ఇస్తాయి, కంప్యూటర్ లాబ్‌లో కూర్చుని చూడొచ్చు. చచ్చిన డెక్క కిందికి దిగి కుళ్ళి బురద అవుతుంది, దాన్ని మాత్రం ఉపగ్రహం చూడలేదు. ఏటా పొర మీద పొర పడి చెరువు మెరక అవుతుంది. దీన్ని కొలవడంలో సోనార్‌కి సాటి లేదు. సన్న శబ్దం, అంటే 200 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోది, మెత్తటి బురద పైపొర నుంచే వెనక్కి వస్తుంది. బొంగురు శబ్దం, 30 కిలోహెర్ట్జ్ దగ్గరిది, బురదని తోసుకుని కింద గట్టి నేల దాకా పోయి వస్తుంది. రెండూ ఒకేసారి పంపి తేడా తీస్తే బురద మందం. ఈ కొలత లేకుండా ఉప్పుటేరులో పూడిక ఎంత తీయాలి, బుడమేరులో ఎంత తీయాలి అని బిల్లులు రాసుకుంటే ఎవరి లెక్క వాళ్ళది.

ఇప్పుడు గడకర్ర సంగతి చెబుతాం. దోనె మీద గడ వేసేవాళ్ళకి ఈ విద్య పుట్టుకతో వస్తుంది. గడ దిగిన తీరు బట్టి ఇక్కడ మెత్తన, ఇక్కడ గుల్ల, ఇక్కడ పాత గట్టు అని చెప్తారు. కొల్లేటి లంకల్లో వడ్డి సోదరులని అడగండి, డ్రెయిన్ల మీద మన యానాది తాతల్ని అడగండి. ఇది సామెత చెప్పడం కాదు, శాస్త్రంలోనే దీనికి చోటుంది. సోనార్ సర్వే మొదలుపెట్టే ముందు ఒక పళ్ళేన్ని తెలిసిన లోతుకి తాడుతో దించి, యంత్రం అదే లోతు చూపిస్తోందా అని సరిచూస్తారు. లోతు తక్కువ నీళ్ళలో గుర్తులు వేసిన కర్రతో సరిచూస్తారు. కర్ర చెప్పింది నిజం, యంత్రం దానికి సర్దుకోవాలి.

మన చేతులకి ఇంకో విద్య ఉంది, దాని గురించి మాట్లాడడానికి మన పిల్లలు సిగ్గుపడతారు. మేము అడ్మిషన్ ఫారాలు నింపేటప్పుడు తండ్రి వృత్తి అన్న చోట ప్రతి పిల్లవాడూ "కూలి" అంటాడు. ఎలుకలు పడతాడని చెప్పడు. వరి కోతల ముందు డెల్టా రైతులు ఎవరి కోసం కబురు పెడతారు? యానాదుల కోసం. పొలం గట్టు మీద ఇరవై బొరియలుంటే, నోటి దగ్గర మట్టి తడి, గడ్డి నలిగిన తీరు చూసి ఎందులో ఎలక ఉందో, ఎందులో పాము దూరిందో, వెనక దారి ఎటు తేలుతుందో చెప్పి, దాన్ని మూసి, కుండతో పొగ పెట్టేది మన వాళ్ళే. అలాగే కాలవలో మెడ లోతు నీళ్ళలో నిలబడి గట్టు కిందకి చెయ్యి పెట్టి, తడిమి, కొర్రమీను పట్టేదీ మన వాళ్ళే. నీళ్ళలో మునిగి ఉన్న గట్టు బొరియని చేత్తో చదవడం అంటే ఇదే. దెయ్యం చేప బొరియల మీద నిఘా పెట్టాలంటే కావలసింది కూడా ఇదే. సోనార్ బొమ్మలో నల్ల మచ్చ కనపడితే అది పీత బొరియా, చెట్టు వేరు కుళ్ళిన తొర్రా, దెయ్యం చేప ఇల్లా అని తేల్చేదెవరు? చెయ్యి పెట్టి చూసినవాడు. అలా తేల్చిన తర్వాతే ఆ మచ్చకి అర్థం.

ఇది మన గొప్పలు మనమే చెప్పుకోవడం కాదు. తమిళనాడులో ఇరుళర్లు ఉన్నారు, పాములు పట్టే వృత్తి, మన యానాదులకి దగ్గరి బతుకు. 1978లోనే పాము విషం తీసే సహకార సంఘం పెట్టుకున్నారు. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు పరాయి జీవులుగా చేరి అక్కడి జంతువుల్ని మింగేస్తున్నాయి. వాటిని వెతకడానికి రేడియో పరికరాలు, శిక్షణ ఇచ్చిన కుక్కలు, పోటీలు, బహుమతులు అన్నీ చూశారు. 2017లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇద్దరు ఇరుళర్లని పిలిపించుకున్నారు. మాసి సడయన్ గారు, వడివేల్ గోపాల్ గారు. మొదటి రెండు వారాల్లోనే పదమూడు కొండచిలువల్ని పట్టారు, అందులో ఒకటి పదహారు అడుగులది. ఆరేళ్ళ తర్వాత, 2023లో, వాళ్ళిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. పెద్ద చదువులు లేని మనుషులు. వాళ్ళ పేర్లు అందరికీ తెలిశాయి.

పేరు అన్న మాట దగ్గర మాకొక మంట ఉంది, చెప్పేస్తాం. కొన్నేళ్ళ కిందట మా హాస్టల్ దగ్గరి డ్రెయిన్ మీదకి ఒక సర్వే బృందం వచ్చింది. ఏ సంస్థో ఇక్కడ అనవసరం. మా పిల్లవాడి తండ్రి మూడు రోజులు వాళ్ళ పడవ నడిపాడు, గట్టు కింద చెయ్యి పెట్టి ఎక్కడ ఏముందో చూపించాడు, తీసి చూపించాడు కూడా. రోజు కూలి ఇచ్చారు. నివేదిక వచ్చాక మేము అడిగి తెప్పించుకుని చూశాం. "స్థానికుల సహాయంతో" అని ఒక్క ముక్క ఉంది. పడవ ఖర్చు పక్కన డీజిలు లీటర్ల లెక్క ఉంది గానీ ఆయన పేరు లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని మేము అనం. ఆ పడవలో యంత్రం దగ్గర కూర్చున్న నలుగురిలో మన పిల్ల ఒక్కతి ఉండుంటే ఆ పేరు పడేది. అందుకే ఈ పాఠమంతా.

అమెరికాలోనే ఇల్లినాయ్ నదిలో ఇంకో కథ నడుస్తోంది. అక్కడ పరాయి చేపలు ఏవో తెలుసా? సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ కార్ప్. మన చేపల చెరువుల్లో వేస్తారే, అవే. 1970ల్లో ఆసియా నుంచి తెచ్చుకున్నారు, చెరువుల నుంచి తప్పించుకుని నదులకి ఎక్కాయి. పెద్ద సరస్సుల్లోకి పోకుండా షికాగో దగ్గర కాలవలో కరెంటు అడ్డుకట్ట పెట్టారు. సదర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పడవకి పక్కకి చూసే సోనార్ కట్టి, నదిలో ఏ భాగంలో ఎంత చేప ఉందో లెక్క తీస్తారు. లెక్క ఎక్కువున్న చోటికి ప్రభుత్వం డబ్బిచ్చి జాలర్లని పంపుతుంది. పట్టాక మళ్ళీ సోనార్ తిప్పి తగ్గిందా లేదా చూస్తారు. అక్కడ సోనార్ చుక్కలకి ఏ చేపో పేరు పెట్టేది కూడా వల తెచ్చిన చేపల్ని చూసే. మనకి కావలసిన ఏర్పాటు ఇలాంటిదే. లెక్క తీసే పడవలోనూ మన వాళ్ళుండాలి, వల వేసే పడవకీ డబ్బు ముట్టాలి. దెయ్యం చేపని మార్కెట్లో కొనరు కాబట్టి, దాన్ని తీసినందుకు కూలి కట్టకపోతే ఎవరూ తీయరు. మన తండ్రులు వల కోసుకుని, నష్టపోయి, దాన్ని మళ్ళీ నీళ్ళలోకే విసిరేసి పోతున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం.

సరే, ఇప్పుడు మీరేం చేయొచ్చు అన్నది.

మొదట నోటుబుక్కు. మా హాస్టల్లో ఎనిమిదో తరగతి నుంచి పిల్లలకి చెప్పాం. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నతో, మావయ్యతో, అమ్మమ్మతో నీళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఏ తేదీ, ఏ కాలవ, ఏ వంతెనకి ఎటు వైపు, నీళ్ళు ఎంత లోతు, మావు పెట్టారా, ఊత వేశారా, వల విసిరారా, ఏ చేప ఎన్ని పడ్డాయి, దెయ్యం చేప పడితే ఎంత పొడవు. నీళ్ళు తగ్గిన నెలల్లో గట్టు మీద వంద అడుగుల మేర నడిచి బొరియలు లెక్కపెట్టండి. చేప పేరు మీ ఇంట్లో ఏమంటారో అదే రాయండి, సైన్సు పేరు తర్వాత మేము వెతుకుతాం. ఆడవాళ్ళని అడగడం మర్చిపోకండి. చేప శుభ్రం చేసేది వాళ్ళు. ఏ చేప కడుపులో ఈ మధ్య ఏమి కనపడుతోంది, ఏ చేప రావడం మానేసింది, ఆ మాట ముందు వంటింట్లో తెలుస్తుంది. దెయ్యం చేప దొరికితే ఫోటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదలకుండా గట్టుకి దూరంగా గొయ్యి తీసి పాతెయ్యండి. ముళ్ళు జాగ్రత్త. మీరు లోతు నీళ్ళలోకి దిగొద్దు. బొరియలో చెయ్యి పెట్టేది పెద్దవాళ్ళే, పాము ఉంటుంది. అభయారణ్యం లోపల పడవ వేసి కొలతలు తీయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, అది లేకుండా ఉత్సాహపడొద్దు.

రెండోది యంత్రం చేతిలోకి రావడం. గాలానికి కట్టి విసిరితే ఫోనులో లోతు చూపించే చిన్న సోనార్లు ఇప్పుడు వస్తున్నాయి. సంఘం ఒక్కటి కొని పెడితే మన పిల్లలు వంతులవారీగా నేర్చుకోవచ్చు. అన్నలు ఇక్కడే ఉన్నారు కాబట్టి గట్టిగా అడుగుతున్నాం. దాంతో ఏ నివేదికలూ రాయలేం. ఒక చెరువుని గడకర్రతో ఒకసారి, సోనార్‌తో ఒకసారి కొలిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని తేడా ఎందుకొచ్చిందో ఆలోచిస్తే చాలు, మీకు ఆ యంత్రం అంటే భయం పోతుంది.

మూడోది చదువు. పది అయ్యాక మన పిల్లలకి ఐటీఐ, నర్సింగ్ తప్ప దారి లేనట్టు చెబుతారు. ఫిషరీస్ పాలిటెక్నిక్ డిప్లొమా రెండేళ్ళు. మన కృష్ణా జిల్లాలోనే భావదేవరపల్లిలో ఉంది. ఆ పైన చదవాలంటే ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, నరసాపురం కేంద్రంగా మత్స్య విశ్వవిద్యాలయం చట్టం 2020లో వచ్చింది. విజయవాడ పక్కన పోరంకిలో కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముందుగా అడిగి మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాలని అనుకుంటున్నాం. జలరవాణా కోసం నది లోతు కొలిచే సర్వేలు, పూడికతీత కొలతలు, వీటిలో ఎకో సౌండర్ నడపడం ఒక ఉద్యోగం. దానికి లెక్కలు, కాస్త కంప్యూటర్, నీళ్ళంటే భయం లేకపోవడం కావాలి. మూడోది ఏ కాలేజీలోనూ నేర్పరు, అది మీకు ఇంట్లోనే ఉంది.

వచ్చే వేసవిలో నీళ్ళు తగ్గగానే మా పిల్లలు రాసిన నోటుబుక్కులన్నీ ఒక్కచోట చేర్చి, ఏ కాలవ మీద ఎన్ని బొరియలో ఒక పటం గీయిస్తాం. పటం మీద, లెక్కపెట్టిన పిల్ల పేరు, చూపించిన పెద్దమనిషి పేరు రెండూ రాయిస్తాం. ఒక ప్రతి నీటిపారుదల శాఖకి, ఒక ప్రతి మత్స్య శాఖకి ఇస్తాం. తీసుకున్నట్టు సంతకం, ముద్ర వేయించుకునే వస్తాం. ఆ పనిలో మాకు తెలిసిన కిటుకులు చాలా ఉన్నాయి, హాస్టల్ బిల్లులు పాస్ చేయించిన వాళ్ళం.

భోజనాలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు. డిప్లొమా దరఖాస్తు గురించి అడగాలనుకునే వాళ్ళు తిన్నాక కుడి వైపు మెట్ల దగ్గరికి రండి. పదో తరగతి మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం జిరాక్స్ ఉంటే వెంట తెచ్చుకోండి. కుల పత్రం ఇంకా రానివాళ్ళు ముందు మాతో మాట్లాడండి, దానికే ఎక్కువ రోజులు పడుతుంది.